విల్లు ముట్టని విజేత

అయ్యా వస్సకారా, మగధ మహామాత్యా!

రాజ్యాలు గెలిచినవాళ్లను పొగడటానికి ఈ దేశంలో రాళ్లకూ కొదవ లేదు, రాగిరేకులకూ కొదవ లేదు. మీకు మాత్రం ఎవరూ ఒక్క ప్రశస్తి చెక్కించలేదు. మీ రాజు అజాతశత్రువు పేరును బడిపిల్లలు పరీక్షల కోసం బట్టీ పడతారు. వైశాలిని తెచ్చి ఆ రాజు అరచేతిలో పెట్టింది మీరని వాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ. ఆ లోటు తీర్చాలని కూర్చున్నాను. మీకు లేని గుణం ఒక్కటి కూడా అంటగట్టను. చెయ్యని పని చేశారనను. మీరు చేసింది చేసినట్టు చెబితే అంతకు మించిన స్తోత్రం మీకు అక్కర్లేదు.

ముందుగా మీ చెవిని మెచ్చుకోవాలి.

బుద్ధుడు రాజగృహం దగ్గర గృధ్రకూటం కొండ మీద ఉన్నప్పుడు మీ రాజు మిమ్మల్ని ఆయన దగ్గరికి పంపాడు. గంగకు ఉత్తరాన ఉన్న వజ్జి గణరాజ్యాన్ని నాశనం చెయ్యాలని రాజుకు పట్టుదల. తథాగతుడు అబద్ధమాడడు కాబట్టి ఆయన ఏమంటాడో విని రమ్మన్నాడు. మీరు కొండెక్కి, కుశలమడిగి, రాజు మాట విన్నవించారు. బుద్ధుడు మీకు జవాబు చెప్పలేదు. వెనక నిలబడి విసురుతున్న ఆనందుడి వైపు తిరిగాడు. వజ్జులు తరచుగా సభ చేరుతున్నారా? కలిసి కూర్చుని, కలిసి లేచి, కలిసి పనులు చక్కబెడుతున్నారా? పాత కట్టుబాట్లను తోచినట్టు తీసెయ్యకుండా, కొత్తవి తోచినట్టు పెట్టకుండా నడుచుకుంటున్నారా? పెద్దల మాట వింటున్నారా? ఆడవాళ్లనూ ఆడపిల్లలనూ బలవంతంగా ఎత్తుకుపోకుండా ఉంటున్నారా? ఊరి లోపలా వెలుపలా ఉన్న చైత్యాలకు చెల్లించాల్సినవి చెల్లిస్తున్నారా? అర్హతులకు రక్షణ ఇస్తున్నారా? ఏడు ప్రశ్నలు. ప్రతిదానికీ ఆనందుడు, అవునని విన్నానన్నాడు. ప్రతిసారీ బుద్ధుడు, అలా ఉన్నంతకాలం వాళ్లకు వృద్ధే గాని క్షయం లేదన్నాడు.

ఆ మాటలు విన్న మంత్రి కొండ దిగి, రాజా, వాళ్ల జోలికి పోవద్దు అని చెప్పి ఉండవచ్చు. మీరు అలా విన్నవారు కారు. ఇల్లు ఎందుకు నిలబడిందో మేస్త్రి చెబుతుంటే, ఏ రాయి లాగితే కూలుతుందో అక్కడికక్కడే లెక్కగట్టిన చెవి మీది. ఈ ఏడింటిలో ఒక్కటున్నా వజ్జుల్ని యుద్ధంలో గెలవలేమని మీరే ఒప్పుకున్నారు. ఆ వెంటనే మరో మాట అన్నారు: ఉపలాపనంతో తప్ప, మిథుభేదంతో తప్ప. బుజ్జగించి లోబరచుకోవటం, ఒకరితో ఒకరికి చెడగొట్టటం. ఎవరి ముందు అన్నారో చూడండి. బుద్ధుడి ముందే అన్నారు. దాచుకోలేదు. ఇక సెలవు, మాకు చాలా పనులున్నాయి అని చెప్పి లేచారు. నిజంగానే మీకు చాలా పని ఉంది.

మీరు పెట్టుకున్న పని ఎంత పెద్దదో తెలియాలంటే ఆ వజ్జులెవరో కొంచెం చెప్పాలి. వాళ్లలో ముఖ్యులు లిచ్ఛవులు. రాజధాని వైశాలి, ఇవాళ బీహార్‌లో బసాఢ్ అనే ఊరు ఉన్న చోట. అక్కడ ఒక్కడు రాజు కాడు. జాతక కథలు 7707 మంది రాజులని లెక్క చెబుతాయి. ఆ అంకె మాటెలా ఉన్నా, కుల పెద్దలంతా తమను రాజులనే పిలుచుకునేవారనేది నిజం. ఆ రాజులు అభిషేకం చేసుకునే పుష్కరిణి ఒకటి ఉండేది. బయటివాళ్లు ముట్టకుండా దానికి కాపలా. వాళ్ల సభలో దాసులకు చోటు లేదు, కూలివాళ్లకు లేదు, ఆడవాళ్లకు లేదు. అది దాచి వైశాలిని పొగడటం నాకు చేతకాదు. కానీ చుట్టూ ఒక్కడి నోటి మాటే శాసనమైన కాలంలో, వేలమంది ఒక చోట కూర్చుని తర్కించుకుని ఒక మాట మీదికి రావటం అల్పమైన సంగతి కాదు.

వాళ్ల న్యాయవిచారణ గురించి బుద్ధఘోషుడు రాసింది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. 5వ శతాబ్దంలో శ్రీలంకలో కూర్చుని పాత సింహళ వ్యాఖ్యల్ని పాలీలోకి తెచ్చినవాడు ఆయన. తెలుగు నేల నుంచి వెళ్లినవాడని కొందరు పండితులు అంటారు. ఆయన చెప్పినదాని ప్రకారం, వైశాలిలో దొంగ అని పట్టుకొచ్చినవాణ్ని మొదట వినిశ్చయ మహామాత్యుడు విచారించాలి. నిర్దోషి అనిపిస్తే అక్కడే వదిలెయ్యాలి. దోషి అనిపిస్తే శిక్ష వెయ్యటానికి వీల్లేదు, పై మెట్టుకు పంపాలి. అలా వ్యావహారికుడు, సూత్రధరుడు, అష్టకులికులు, సేనాపతి, ఉపరాజు, చివరికి రాజు. ఏ మెట్టు మీదైనా వదిలెయ్యవచ్చు. శిక్షించాలంటే మాత్రం ఏడు మెట్లూ దాటాలి. ఆ చివరి మెట్టు మీద కూడా రాజు తనకు తోచిన శిక్ష వెయ్యకూడదు, పూర్వపు తీర్పులున్న పుస్తకం తెరిపించి అందులో ఉన్నట్టే వెయ్యాలి. మనిషిని విడిచిపెట్టటానికి ఏడు తలుపులు, పట్టుకోవటానికి ఒక్కటి.

మీరు ఎక్కి కూర్చున్నది ఈ మెట్లలో మొదటిదాని మీదే. ఆ కథలోకి వస్తాను.

అసలు తగువు చిన్నది. గంగ ఒడ్డున ఒక రేవు. అందులో సగం మీ రాజుది, సగం లిచ్ఛవులది. కొండ దిగువన విలువైన సుగంధ ద్రవ్యమేదో దిగేది. రేపు వెళదాం, ఎల్లుండి వెళదాం అని మీ రాజు అనుకునేలోపు లిచ్ఛవులు ఒక్కమాట మీద కదిలి అంతా పట్టుకుపోయేవారు. ఏటా ఇదే వరస. వాళ్లు కలిసి ఉండటమే మీ రాజు కోపానికి కారణం. ఆ కలయికనే మీరు గురి చేసుకున్నారు. గురి చూడటంలో మీకు సాటి లేరు.

ఇక మీ త్యాగం. నిండు సభలో రాజు వజ్జుల ప్రస్తావన తెచ్చాడు. వాళ్ల వ్యవసాయం, వాళ్ల వ్యాపారం వాళ్లు చేసుకు బతుకుతుంటే మీకేమిటి అని మీరు లేచి వెళ్లిపోయారు. ఆ రోజే వజ్జులకు మీరు పంపిన కానుకలు దారిలో దొరికాయి. ద్రోహివన్నాడు రాజు. కట్టించలేదు, కొట్టించలేదు, తల గొరిగించి ఊరు దాటించాడు. వెళుతూ వెళుతూ, ఈ నగరం గోడలూ కందకాలూ నేను కట్టించినవే, ఎక్కడ బలహీనమో నాకు తెలుసు అని మీరు బెదిరించారు. ప్రతి మాటా ముందు మీరు రాజుకు చెప్పి పెట్టుకున్నదే. ఒక దేశాన్ని కూల్చటానికి సొంత తల గొరిగించుకున్న మంత్రి మరొకడు నాకు తెలియదు. ఆ బ్రాహ్మణుడి తల మీద మంగలికత్తి ఆడినప్పుడు ఆ సభలో నిజం తెలిసినవాళ్లు ఇద్దరే.

గంగ దగ్గర లిచ్ఛవుల్లో కొందరు, ఈ బ్రాహ్మణుడు మాయగాడు, దాటనివ్వకండి అన్నారు. మరికొందరు, మన పక్షం మాట్లాడినందుకే కదా ఇతనికి ఈ గతి అన్నారు. జాలి గెలిచింది. ఇంత చిన్న తప్పుకు అంత శిక్షా అని నొచ్చుకున్నారు. అక్కడ ఏ పదవిలో ఉండేవారని అడిగి, వినిశ్చయ మహామాత్యుణ్ని అని మీరు చెప్పగానే, ఇక్కడా అదే పదవిలో ఉండండి అన్నారు. ప్రాణభయంతో వచ్చినవాడికి చోటిచ్చే గుణం వాళ్లకు ఉందని మీరు ముందే నమ్మారు. వాళ్ల మంచితనం మీద మీకున్నంత నమ్మకం వాళ్ల మిత్రులకు కూడా ఉండి ఉండదు.

మీరు న్యాయంగా తీర్పులు చెప్పారు. అవును, చక్కగా విచారించారనే రాసి ఉంది. లిచ్ఛవి కుమారులు మీ దగ్గర విద్య నేర్చుకున్నారు. పాఠం ఎగ్గొట్టారని, పక్షపాతం చూపారని ఎవరూ అనలేదు. వాళ్లు మిమ్మల్ని నమ్మటానికి ఏమేం కావాలో అన్నీ నిజంగానే ఇచ్చారు. నకిలీ సరుకు ఒక్కటీ అమ్మలేదు.

తర్వాత ఒక రోజు మీరు ఒక కుర్రవాణ్ని పక్కకు పిలిచారు. ఆ ఘట్టం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను.

"మీవాళ్లు పొలం దున్నుతున్నారా?" అని అడిగారు.

"దున్నుతున్నారు, ఆచార్యా."

"రెండెడ్లు కట్టేనా?"

"అవును, రెండే."

అంతే. మీరు వెళ్లిపోయారు. దూరం నుంచి చూసిన ఇంకో కుర్రవాడు వచ్చి, ఆచార్యులు ఏమన్నారు అని అడిగాడు. వాడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు: పొలం దున్నుతున్నారా, రెండెడ్లు కట్టేనా అని అడిగారు. విన్నవాడికి నమ్మకం కలగలేదు. మగధలో మహామాత్యుడిగా వెలిగినవాడు, ఇక్కడ న్యాయస్థానంలో కూర్చునేవాడు, అందరి మధ్య నుంచి పక్కకు పిలిచి ఎడ్ల సంగతి అడుగుతాడా? వీడు నా దగ్గర ఏదో దాస్తున్నాడు. మర్నాడు ఇంకొకణ్ని పిలిచి, ఇవాళ ఏ కూరతో తిన్నావు అని అడిగారు. వాడూ నిజమే చెప్పాడు. వాణ్నీ ఎవరూ నమ్మలేదు.

మీరు ఆ రోజున ఒక్క అబద్ధం ఆడలేదు. అబద్ధం లేకుండా అనుమానం పుట్టించారు. నిజం చెప్పినవాణ్నే అబద్ధాలకోరుగా నిలబెట్టారు. అబద్ధమైతే ఎప్పటికో బయటపడుతుంది. కూర సంగతి అడిగాడన్న నిజాన్ని ఎవడు ఎలా రుజువు చెయ్యగలడు? మా ఊళ్లో చెరువు కింద పొలాలకు వంతుల ప్రకారం తూము నీళ్లు పారేవి. ఒక ఏడు ఒక పెద్దమనిషి రైతుల్ని ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, నీ వంతులో ఎంతసేపు పారింది అని అడిగాడు. ప్రశ్నలో తప్పేమీ లేదు. ఆ నెలలోనే తూము దగ్గర రాత్రిళ్లు కాపలా పడుకోవటం మొదలైంది. నేను చిన్నవాణ్ని, మా నాన్నకు చద్ది మూట పట్టుకెళ్లేవాణ్ని. అందుకే మీ కథ చదివినప్పుడు నాకు అదేదో వేల ఏళ్ల కిందటి సంగతి అనిపించదు.

ఆ పునాది పడ్డాకే మీరు అబద్ధం వాడారు. నువ్వు బాగా బీదవాడివట కదా అని ఒకడితో. ఎవరన్నారంటే, ఫలానా లిచ్ఛవి అన్నాడని. నువ్వు పిరికివాడివట కదా అని ఇంకొకడితో. ఎవరన్నారంటే, మరో ఫలానా వాడు. ఒక్కొక్కరినీ విడివిడిగా చేరదీశారు, చెవిలో మాత్రమే మాట్లాడారు. మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లలో మీరు తొందరపడిన రోజు ఒక్కటి లేదు. చివరికి ఇద్దరు లిచ్ఛవులు కలిసి ఒక దారిన నడవని స్థితి వచ్చింది.

లిచ్ఛవులారా, మిమ్మల్నీ ఒక మాట అనకుండా ఈ స్తోత్రం ముగియదు. మీ పౌరుషం గొప్పది. పిరికివాడన్నారని తెలిశాక అన్నవాడి గడప తొక్కలేదు, వాడి ముఖం చూడలేదు. మంచిదే. కానీ మీకు ఒక సభ ఉంది. అందులో ఒక్కడు లేచి, ఆచార్యులు నిన్న నిన్నేమడిగారు, మొన్న నన్నేమడిగారు అని నలుగురి ముందు పోల్చి చూసుకుని ఉంటే, మూడేళ్ల నేత మూడు ఘడియల్లో విడిపోయేది. ఏడు మెట్లు దాటితే గాని దొంగను దొంగ అననివాళ్లు, తోటివాణ్ని ద్రోహి అనుకోవటానికి ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు. అపరిచితుడి కోసం కట్టుకున్న న్యాయం అన్నదమ్ముల దగ్గర మరిచిపోయారు. మీరు కొయ్యదిమ్మెల మీద తలపెట్టుకుని పడుకుంటారనీ, అంత జాగరూకులు కాబట్టి అజాతశత్రువుకు సందు దొరకటం లేదనీ బుద్ధుడు ఒకప్పుడు భిక్షువులకు చెప్పాడు. ముందు ముందు దూది తలగడల మీద పొద్దెక్కేదాకా పడుకుంటారనీ, అప్పుడు అతనికి సందు దొరుకుతుందనీ కూడా అన్నాడు. తలగడ తప్పొప్పుల మాట నాకు తెలియదు. పక్కవాడి మీద అనుమానంతో మీకు అసలు నిద్ర పట్టి ఉండదనే నా బాధ.

అమాత్యా, మీరు రాసిన పరీక్ష కూడా మీరే దిద్దుకున్నారు. సభ భేరి కొట్టించి చూశారు. ఆ భేరి గురించి బుద్ధఘోషుడి వ్యాఖ్యలో ముందొక మాట ఉంది. అది మోగితే లిచ్ఛవులు సగం తిన్న అన్నం వదిలి, సగం అలంకరణతో, బట్ట చుట్టుకుంటూ చుట్టుకుంటూనే పరుగెత్తుకు వచ్చేవారట. ఆ రోజు ఎవరూ రాలేదు. ప్రభువులున్నారుగా వాళ్లు వెళ్లనీ, శూరులున్నారుగా వాళ్లు వెళ్లనీ అన్నారు. మీరు మగధకు కబురు పంపారు: సమయం వచ్చింది, త్వరగా రండి.

సైన్యం కదిలిందని తెలిసి వైశాలిలో మళ్లీ భేరి మోగింది. గంగ దాటనివ్వవద్దు, రండి అని. శూరులు వెళ్లనీ అన్నారు. మూడోసారి మోగింది. నగరంలో అడుగుపెట్టనివ్వవద్దు, తలుపులైనా మూసుకుందాం రండి అని. ఒక్కరు కూడా రాలేదు. అజాతశత్రువు తెరిచిన తలుపులు తెరిచినట్టే ఉండగా లోపలికి వచ్చాడు. తలుపు బద్దలు కొట్టే పని కూడా మీరు అతనికి మిగల్చలేదు.

ఇతర చోట్ల ఇంత తేలిగ్గా జరగలేదు. ఏథెన్స్ క్రీ.పూ. 338లో కైరోనియా దగ్గర మాసిడోనియా చేతిలో ఓడింది. ఓడాక కూడా అలెగ్జాండర్ చనిపోగానే మళ్లీ తిరగబడి, 322లో మళ్లీ ఓడితే గాని దాని ప్రజాస్వామ్యాన్ని తీసెయ్యలేకపోయారు. రోము గణరాజ్యం పోవటానికి ఫర్సాలస్, ఫిలిప్పి, ఆక్టియం కావలసి వచ్చాయి. రోమన్లు రోమన్లను చంపుకున్నారు, కానీ దేనికోసం చంపుకుంటున్నారో కొందరికైనా తెలుసు. జైన గ్రంథాలు వైశాలి యుద్ధంలో మీ రాజు పెద్ద రాళ్లు విసిరే యంత్రమూ, గదలు కట్టిన రథమూ వాడాడని చెబుతాయి. వాడి ఉండవచ్చు. కానీ ఆ రెండింటినీ తట్టుకున్న ఊళ్లు లోకంలో ఉన్నాయి. ఏ కూరతో తిన్నావు అన్న ప్రశ్నను తట్టుకున్న ఊరు నాకు కనపడలేదు.

మీ విద్య మీతో పోలేదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో పదకొండవ అధికరణం మొత్తం గణాలను ఎలా చీల్చాలన్నదే. లిచ్ఛవుల పేరు, వజ్జుల పేరు, మల్లుల పేరు అందులో వరసగా ఉన్నాయి. ఐకమత్యం వల్ల సంఘాలు శత్రువుకు లొంగవని అందులోనూ మొదటే ఒప్పుకున్నారు, మీరు కొండ మీద ఒప్పుకున్నట్టే. ఆ వెంటనే ఉపాయాలు. ఆచార్యుల వేషంలో ఉన్న గూఢచారులు చదువుల్లో, జూదంలో, ఆటల్లో కుర్రవాళ్ల మధ్య తగవులు పెట్టాలట. ఫలానావాడు నిన్ను ఇలా అంటున్నాడని చెవిలో వెయ్యాలట. మీరు ఒక్కరు మూడేళ్లు తల వంచుకుని చేసిన పని అక్కడ పాఠమైంది. మీ తర్వాత దాదాపు ఎనిమిది వందల ఏళ్లకు సముద్రగుప్తుడు తాను లిచ్ఛవుల దౌహిత్రుణ్నని గర్వంగా రాయించుకున్నాడు. అదే శాసనంలో మాలవులూ యౌధేయులూ అతనికి కప్పం కట్టేవాళ్ల జాబితాలో ఉన్నారు. తమ గణానికి జయమని నాణేల మీద ముద్రించుకున్నవాళ్లు వాళ్లు. ఆ తర్వాత గణాల మాట వినపడటం చాలావరకు ఆగిపోయింది.

ఒక్క చోట మాత్రం మీరు ఓడారు. అది చెప్పకపోతే నా మాట నిలబడదు. గృధ్రకూటం నుంచి మీరు పనులున్నాయని లేచి వెళ్లగానే, బుద్ధుడు రాజగృహం చుట్టుపక్కల భిక్షువులందరినీ సమావేశపరచమన్నాడు. వజ్జుల గురించి చెప్పిన ఏడు సూత్రాల్నే సంఘానికి తగ్గట్టు మార్చి చెప్పాడు. తరచుగా చేరండి, కలిసి కూర్చోండి, కలిసి లేవండి. బుద్ధుడు పోయాక, రాజగృహంలో కోట పనులు చూస్తున్న మీరు ఆనందుణ్ని కలిశారు. మీ మొదటి గురి మారలేదు. బుద్ధుడు తన తర్వాత ఫలానావాడు మీకు దిక్కని ఎవరినైనా నియమించాడా? లేదన్నాడు ఆనందుడు. పోనీ సంఘం ఎవరినైనా ఎన్నుకుందా? లేదన్నాడు. మరి దిక్కులేని మీకు ఐకమత్యం ఎలా? దిక్కులేనివాళ్లం కాదు, ధర్మమే దిక్కు అన్నాడు. ప్రతి పక్షానికీ ఉపోసథం రోజున, ఒక ఊరి పరిధిలో ఉన్న భిక్షువులమంతా ఒకచోట చేరతాం, నియమాలు చదువుకుంటాం, తప్పు చేసినవాణ్ని నియమం ప్రకారం చూస్తాం అన్నాడు. మీరు ఇంకా కొన్ని అడిగి, ఇక సెలవు, మాకు చాలా పనులున్నాయి అని లేచారు.

చివరిగా మీ ముందుచూపు. ఇదీ ఆ వ్యాఖ్యల్లోని కథే. ఒకసారి మహాకాత్యాయన స్థవిరుడు గృధ్రకూటం దిగి వస్తుంటే చూసి, కోతిలా ఉన్నాడు అన్నారు మీరు. బుద్ధుడు విని, క్షమాపణ అడిగితే సరే, లేకపోతే ఈ వేణువనంలోనే కోతిగా పుడతాడు అన్నాడు. ఆయన మాట తప్పదని మీకు తెలుసు. ఒక్క మనిషి ముందు నిలబడి తప్పయిందనటానికి మీకు నోరు రాలేదు. వేణువనంలో రకరకాల పండ్ల చెట్లు నాటించి, నీళ్లు పోయించి, కాపలా పెట్టించారు, ముందు ముందు పనికొస్తాయని. మీరు చనిపోయారు. ఆ తోటలోనే కోతిగా పుట్టారు.

ఎవరైనా వస్సకారా అని పిలిస్తే, ఆ కోతి వచ్చి దగ్గర నిలబడేదట.